నాయిన కారు... అమ్మ మాట

పెళ్ళినాటి పట్టుచీర ఒకటి ప్రతి ఇంట్లోనూ పెట్టె అడుగున ఉంటుంది. అంచు బాగానే ఉంటుంది, రంగూ వెలిసి ఉండదు. మడతల దగ్గర మాత్రం చీలికలు. దాన్ని రఫ్ఫు చేయించి మళ్ళీ దాచుకోవాలా, కోసి మనవరాలికి పరికిణీ కుట్టించాలా? అమ్మమ్మ మెడలోని కంటె విషయంలోనూ ఇదే గొడవ. మెరుగు పెట్టించి ఉంచుకోవాలా, కరిగించి కొత్త నమూనా చేయించుకోవాలా? ఈ మీమాంస రాని ఇల్లు ఉండదేమో!

మా ఇంట్లో ఆ తగవు చీర మీద రాలేదు, నగ మీదా రాలేదు. ఓ పాత కారు మీద వచ్చింది.

"కార్ల సంగతి మగవాళ్ళు చూసుకుంటారు, మనకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. అలా అనుకునే నేనూ నాలుగేళ్ళు ఊరుకున్నాను. ఊరుకున్నందుకు ఏమయ్యేదో చెబుతాను, వినండి.

మాది నార్కట్‌పల్లి. హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రోడ్డూ, నల్గొండ మీదుగా అద్దంకికి పోయే రోడ్డూ విడిపోయేది మా ఊరి దగ్గరే. పగలూ రాత్రీ బండ్ల మోతే. ఆ మోత వింటూ మా పాత ఇంటి కొట్టంలో, గడ్డిమోపుల పక్కన, దుమ్ము కప్పుకుని పడి ఉంది మా నాయిన కారు. స్టాండర్డ్ హెరాల్డ్. 1966లో మొదట రిజిస్టరయింది. నాయిన దాన్ని 1971లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

ఈ కాలం పిల్లలకు ఆ పేరు తెలియదు. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్... ఒకప్పుడు మన రోడ్ల మీద కారంటే ముఖ్యంగా ఈ మూడే. మొదటి రెండింటినీ జనం ఇంకా తలుచుకుంటారు. మూడోదాన్ని మరిచిపోయారు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి మన దగ్గర తయారు చేసింది. చిన్న ఇంజను, 948 సీసీ. రెండే తలుపులు. గీత గీసినట్టుండే ఆ ఆకారం ఇటలీ దేశపు మికెలొట్టి అనే డిజైనరు గీసింది. ఇదే చాసిస్‌ను పొట్టి చేసి, ఇదే మికెలొట్టి చేత బొమ్మ గీయించి, 1962లో అక్కడ స్పిట్‌ఫైర్ అనే ఇద్దరు కూర్చునే టాపు లేని స్పోర్ట్స్ కారు తెచ్చారు. అంటే మా కొట్టంలోని ముసలి కారు ఓ స్పోర్ట్స్ కారుకు అక్క వరస అన్నమాట!

అసలు చిక్కంతా ఈ చుట్టరికంతోనే వచ్చింది.

నాయిన పోయి నాలుగేళ్ళయింది. కొట్టం తీసేసి గదులు వేయాలనుకున్నప్పుడు కారు మాట లేచింది. "పాత ఇనుపోడికి ఇచ్చేద్దాం అక్కా" అన్నాడు తమ్ముడు. ఇంజనీరింగు చదువుతున్న వాడి కొడుకు ఎగిరి గంతేశాడు. "నాకియ్యుండ్రి. టాపు పీకేసి స్పిట్‌ఫైర్ లెక్క చేస్త. కొత్త ఇంజను, వెడల్పు టైర్లు, ఎర్ర రంగు. హైవే మీద వోతుంటే మంది ఆగి చూడాలె" అన్నాడు. నేనేమో ఇద్దరి మీదా లేచాను. "నాయిన గుర్తు. ఒక్క స్క్రూ కూడా మార్చొద్దు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లుందో అట్ల చేయిద్దాం" అన్నాను.

ఇదీ పంచాయితీ. ఉన్నదున్నట్టు బాగు చేయించడమా, మార్చేయడమా?

నా మేనల్లుడు వట్టి మాటల మనిషి కాదు. "అత్తా, 2018ల ఇంగ్లండు రాకుమారుడు హ్యారీ పెండ్లయినంక పెండ్లాన్ని ఎక్కించుకొని పోయిన కారు చూసినవా? అది 1968 నాటి జాగ్వార్ ఇ-టైప్. పాత ఇంజను తీసి కరెంటుతో నడిచేటట్టు చేసిన్రు. రాజుల ఇంట్లనే మార్చుకుంటుంటె మనకేంది?" అన్నాడు. నేనూ ఊరుకోలేదు, చౌమహల్లా ప్యాలెసును అడ్డం వేశాను. అక్కడ పసుపు పచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది కదా, 1912 నాటిది, ఆరో నిజాం పురమాయించింది. దాన్ని ఎవరైనా టాపు కోసి, ఎర్ర రంగు కొట్టి, ఇంకో ఇంజను పెడితే మన ప్రాణం ఊరుకుంటుందా?

మా ఇద్దరి ఉదాహరణలూ గొప్పవే. కానీ మాది రాజుల ఇల్లూ కాదు, మా కారు మ్యూజియంలోదీ కాదు. ఇద్దరం మా సరదా కోసమే వాదిస్తున్నామని అప్పుడు తోచలేదు.

మా ఊరి షెడ్డులో పాత బండ్లు చూసే ఉస్తాద్ ఒకాయన ఉన్నారు. చాచా అంటాం. ఆయన్ను పిలిపించాం. హెరాల్డ్ బానెట్ మన బండ్లలాగా మూత ఒక్కటే లేవదు. లైట్లు, మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకు వాలి, మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది. చాచా ముందు చక్రం మీద కూర్చుని, వంటింట్లో డబ్బాలు వెతికినట్టు అన్నీ చూశారు. రేడియేటర్ విప్పితే లోపల సున్నం పేరుకుని ఉంది. మా నల్గొండ నీళ్ళు మనుషుల ఎముకలకే మంచివి కావు, ఇక రేడియేటర్‌కెలా మంచివవుతాయి! నాయిన బతికుండగా వాననీళ్ళు పట్టి పోసేవాడు. తరవాత ఎవరు పట్టించుకున్నారు?

చూడటం అయిపోయాక చాచా ఓ మాటన్నారు. "అమ్మా, పానాతో అయ్యే పనుంటే ఎంతయినా చెప్పుండ్రి. గ్యాస్ కట్టర్ వెట్టుమంటె మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచన చేయుండ్రి."

ఆ ఒక్క మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. చీరను రఫ్ఫు చేయిస్తే మళ్ళీ విప్పొచ్చు. అంచుకు ఫాల్ కుడితే తీసేయొచ్చు. కత్తెర పెట్టామా, అయిపోయింది. పోచంపల్లి మాకు దూరమేమీ కాదు. అక్కడి మగ్గం మీద నేసిన పాత చీర కోసి కుషన్ కవర్లు కుట్టించుకుని, తరవాత అలాంటి నేత దొరక్క బాధపడిన వాళ్ళను నేనెరుగుదును. హ్యారీ గారి జాగ్వార్ సంగతి కూడా ఆరా తీస్తే తేలిందేమిటంటే, దానికి ఎక్కడా కోత పెట్టలేదట. పాత ఇంజను ఎంత జాగాలో ఉండేదో బ్యాటరీని అంత జాగాలోనే ఇమిడ్చారు. కావాలనుకుంటే మళ్ళీ పాత ఇంజను బిగించుకోవచ్చని దాన్ని చేసిన కంపెనీయే చెప్పుకుంది. అంటే వాళ్ళూ పానా పనే చేశారు, కత్తెర పని చేయలేదు!

ఇక గెలిచాననుకున్నాను. "మార్చుకో నాయినా, కానీ విప్పి మళ్ళీ బిగించగలిగేదే మార్చు. కోసేది వద్దు" అన్నాను మేనల్లుడితో.

వాడు నవ్వాడు. "అత్తా, హెరాల్డ్ టాపు బోల్టుల మీదనే ఉంటది. కోసుడు అవసరమే లేదు. పానాతోనే వస్తది!"

నిజమే! ఆ కాలంలో చాలా కార్లకు ఒళ్ళూ, కింది చట్రమూ ఒకటే. హెరాల్డ్‌కు చట్రం వేరు, ఒళ్ళు వేరు. ముక్కలు ముక్కలుగా చేసి బోల్టులతో కూర్చారు. ఇంగ్లండులో టాపు విప్పేసి ఓపెన్ కారు చేసుకున్న వాళ్ళు ఎంతోమంది. నా నియమంతో నన్నే కట్టేశాడు పిల్లవాడు.

రెండు రోజులు ఆలోచించాను. కొన్ని సంగతులు తెలుసుకున్నాను. మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

ఒకటి, చట్టం. బండి ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా సొంతదారు మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. టాపున్న కారును టాపు లేనిదిగా చేయడం చిన్న మార్పు కాదు. ఇంజను మార్చాలన్నా ముందుగా ఆర్టీఏ ఆఫీసు అనుమతి ఉండాలి. రేపు ఏదైనా జరిగితే, చెప్పకుండా చేసిన మార్పులు చూపించి ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేస్తే మనం చేసేదేముంది?

రెండు, ప్రాణం. హెరాల్డ్ వెనక చక్రాల అమరికలో ఓ పాత లోపం ఉంది. జోరుగా మలుపు తిరుగుతూ ఒక్కసారి వేగం తగ్గిస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకున్నట్టవుతుంది. బండి అదుపు తప్పొచ్చు. 948 సీసీ ఇంజనుతో మెల్లగా పోతే ఫరవాలేదు. దానికి రెండింతల బలమున్న ఇంజను పెట్టి, పైన టాపు కూడా తీసేసి, లారీలు ఉరికే మా హైవే మీదికి పిల్లవాణ్ణి పంపగలమా? మీరైతే పంపుతారా?

మూడు, విలువ. 2021 జులైలో కేంద్రం పాత బండ్ల కోసం కొత్త నియమాలు తెచ్చింది. సొంత వాడకానికి కొన్న స్కూటరైనా, కారైనా సరే, మొదటిసారి రిజిస్టరయి 50 ఏళ్ళు దాటితే వింటేజి బండిగా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా చేయిస్తే రుసుము 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. తిరిగి చేయించుకోవాలంటే 5 వేలు. నంబరు ప్లేటు మీద 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. అయితే షరతుంది. చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. టాపు పీకి, ఇంజను మార్చామా, ఆ దారి మూసుకున్నట్టే.

ఇదంతా చదివి నేను సంబరపడ్డాను. "చూశావా, ఉన్నదున్నట్టు చేయిస్తే సర్కారే గౌరవిస్తుంది" అన్నాను. కింది గీతలు తరవాత చదివాను. వింటేజి నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు... అంతే. అంటే పూజగదిలో పెట్టుకున్నట్టే!

అప్పుడు తట్టింది నాకు. ఇన్ని రోజుల్లో ఇంట్లో అందరం మాట్లాడాం. తమ్ముడు మాట్లాడాడు, వాడి కొడుకు మాట్లాడాడు, నేను అరిచాను, చాచా కూడా చెప్పారు. మరి అమ్మ? ఒక్కరమూ అడగలేదే!

అడగకపోవడానికి కారణం చెప్పనా? కారు మగవాడి వస్తువని మనందరి మనసులో ఉంది. చీర సంగతి అయితే ముందు అమ్మనే అడిగేవాళ్ళం. నిజానికి ఆ కారును మా ఇంట్లో నాయిన తరవాత ఎక్కువ నడిపింది అమ్మే. 1974లో నాయినకు కాలు విరిగి మంచం పట్టినప్పుడు, అప్పటికి నేర్చుకుని నెలన్నా తిరగని అమ్మ మూడు నెలలు ఆయన్ని నల్గొండ దవాఖానకు తిప్పింది. ఊళ్ళో ఆడమనిషి కారు నడుపుతోందని పిల్లలు వెంట ఉరికేవాళ్ళు. పెద్దవాళ్ళు గొణిగేవాళ్ళు. హెరాల్డ్ చాలా తక్కువ జాగాలో గుండ్రంగా తిరుగుతుంది. ఇరుకు సందులో ఒక్క తిప్పుతో అమ్మ బండి మళ్ళిస్తే గొణిగినవాళ్ళే నోరు తెరిచి చూశారని మేనత్త చెప్పేది. లైసెన్సు పుస్తకం ఇప్పటికీ అమ్మ పెట్టెలో, ఆ పట్టుచీర కిందే ఉంది.

వెళ్ళి అమ్మ దగ్గర కూర్చున్నాం. ముందు నేనే మొదలుపెట్టాను, ఒరిజినల్‌గా చేయిద్దామని. అమ్మ నా మొహం చూసింది.

"ఏ ఒరిజినల్ బిడ్డా? మీ నాయిన కొన్ననాడు అది బూడిద రంగుండె. నీ పుట్టెంటికలకు తెల్ల రంగు ఏయిచ్చిండు. సీట్ల గుడ్డ పోతే నేనే దగ్గరుండి రెగ్జిను కుట్టిచ్చిన. పైన క్యారియరు తమ్ముడు పుట్టినంక పెట్టిచ్చినం. గిండ్ల ఏది తీసేస్తవ్? నన్ను తీసేస్తవా, మీ నాయినను తీసేస్తవా?"

నా దగ్గర జవాబు లేదు. కంపెనీ నుంచి వచ్చిన కారును నేను చూడనే లేదు. నాకు గుర్తున్నది తెల్ల కారు. నేను కాపాడాలనుకున్నది నాయిన గుర్తుననుకున్నాను గానీ, నా పట్టుదలలో అమ్మ చేసిన పనులన్నీ 'తేడాలు'గా లెక్కకట్టి చెరిపేయబోయాను!

తరవాత మనవడి వంతు. "టాపు పీకితే నా నెత్తి మీద కొంగు నిలుస్తదారా? ఎండకు నువ్వు గొడుగు పడుతవా?" అంది. వాడికీ నవ్వొచ్చింది. చివరికి తన మాట చెప్పింది. "నడువని బండిని పెట్టుకొని ఏం జేసుకుంటరు? బుగులు లేకుంట నడిచేటట్టు చేయుండ్రి. చెర్వుగట్టుకు వోయి రావాలె నాకు. ఎక్కేటప్పుడు పట్టుకోను ఏదన్న పెట్టుండ్రి. చాలు."

అంతే. మేం వారం రోజులు కొట్టుకున్న ప్రశ్నకు అమ్మ ఒక్క నిమిషంలో జవాబు చెప్పింది. బాగు చేయించాలా, మార్చాలా అని మేం బండిని చూసి అడిగాం. అమ్మ బండిలో కూర్చునే మనిషిని చూసి చెప్పింది.

ఇప్పుడు మేం చేయిస్తున్నది ఇదీ. టాపు అలాగే ఉంటుంది. ఇంజను అదే, విప్పి బాగు చేయిస్తున్నాం. రంగు తెలుపే. బ్రేకులన్నీ కొత్తవి. పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ పెడతారు, లైట్లు మసకబారకుండా. పాతది గుడ్డలో చుట్టి అటక మీద పెడతాం. సీటు బెల్టులు మాత్రం తప్పనిసరి. వాటికోసం అడుగున ఇనప ప్లేట్లు వేసి రంధ్రాలు చేయాలి. అది విప్పగలిగే మార్పు కాదు, నిజమే. అయినా ఒప్పుకున్నాను. మనిషి ప్రాణం కాపాడే నాలుగు రంధ్రాలకు పట్టింపేమిటి? తలుపు పక్కన అమ్మ కోసం ఓ పిడి. పనులు మేనల్లుడి చేతికే అప్పగించాం. చాచా దగ్గర కూర్చుని వాడే విప్పుతున్నాడు. సామాన్ల కోసం రాణిగంజ్ తిరిగాడు. మద్రాసులో పుట్టిన బండి కాబట్టి అక్కడి పుదుపేట పాత సామాన్ల బజారుకు కూడా పోయొచ్చాడు. ఇంగ్లండులో ఈ కార్లకు ఇంకా సంఘాలున్నాయి, కొత్త సామాన్లూ తయారవుతున్నాయి. దొరకని వాటికోసం అటూ ప్రయత్నిస్తున్నాడు. స్పిట్‌ఫైర్ కల పోయిందని బెంగపడతాడనుకున్నాను. చేతికి గ్రీజు అంటాక కొత్త ఇంజను మాటే ఎత్తడం లేదు.

వింటేజి నంబరుకు పోవడం లేదు. ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకుంటాం. పెద్ద మార్పు ఏదీ చేయలేదు గనక ఆ దారి తెరిచే ఉంది. మా తరవాతివాళ్ళు కావాలనుకుంటే అటు పోతారు. మన నిర్ణయం మనతోనే అయిపోకూడదు, తరవాతివాళ్ళకూ కొంత మిగల్చాలి. కోతకూ కుట్టుకూ తేడా అదే కదా!

ఇంకొక్క మాట, ఇది ముఖ్యం. ఆర్సీ ఇంకా నాయిన పేరు మీదే ఉంది. యజమాని పోతే 30 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేయాలి, మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. మేం నాలుగేళ్ళు నిర్లక్ష్యం చేశాం, జరిమానా కట్టక తప్పదు. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే ఇవాళే చూసుకోండి. పేరు మార్చడమంటే కొడుకు పేరేనని ఎవరూ తేల్చేయకూడదు కూడా. వీలునామా రాయకుండా పోయినవాడి సొంత సంపాదన మీద 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ సమాన హక్కే. పొలానికీ ఇంటికీ అడుగుతున్నాం గానీ, బండి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళం నోరు మెదపం. తమ్ముడూ నేనూ రాసిచ్చాం, అమ్మ పేరు మీద పెట్టమని. తమ్ముడు ఎదురు చెప్పలేదు.

కాబట్టి నేను చెప్పేదిదే. మీ ఇంట్లో పాత కారైనా, స్కూటరైనా, పట్టుచీరైనా, కంటె అయినా... బాగు చేయించాలా, మార్చాలా అని తన్నుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని వాడేదెవరు? ఈ మార్పు వాళ్ళకు రక్షణా, ప్రమాదమా? రేపు వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలమా? ఆ జవాబుల కోసం అందరికంటే ముందు ఇంట్లో ఎవరి మాట ఎవరూ అడగరో వాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

పని ఇంకో నెల పడుతుందన్నారు చాచా. తయారయ్యాక మొదటి ప్రయాణం నల్గొండ రోడ్డు మీద చెర్వుగట్టుకే. ఎనభై దాటిన అమ్మ ఇప్పుడు స్టీరింగు పట్టదు. నేను నడుపుతాను, అమ్మ పక్కన ముందు సీట్లో. వెనక ఎక్కడానికి సీటు మడిచి వంగి దూరాలి. ఆ కష్టం ఈసారి తమ్ముడిదీ, వాడి కొడుకుదీ. ఇన్నేళ్ళూ పండక్కీ పబ్బానికీ పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని అలా దూరింది మేమే కదా!